అవుట్‌పోస్ట్ 31లో నకిలీ ఎవరో పట్టుకోవాలంటే

‘ద థింగ్: ఇన్ఫెక్షన్ ఎట్ అవుట్‌పోస్ట్ 31’ బోర్డ్ గేమ్ 2017లో వచ్చింది. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన సినిమా దీనికి ఆధారం: అంటార్కిటికాలో ఒక స్థావరం, అందులో మనిషి రూపం ఎత్తే జీవి. నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఆడొచ్చు. నలుగురితో మాత్రం ఆట చప్పగా సాగుతుంది, అనుమానపడటానికి మనుషులే చాలరు. ఆరుగురైనా ఉంటేనే రక్తి కడుతుంది.

మొదట రక్తపు నమూనా కార్డులు పంచాలి. ఎవరు మనిషో, ఎవరు నకిలీయో (అంటే మనిషి రూపంలో ఉన్న ఆ జీవో) చెప్పేవి ఇవే. మొదటి పంపకంలో నకిలీ కార్డు ఒక్కటే ఉంటుంది, మిగతావన్నీ మనిషి కార్డులే. ఏడుగురుంటే ఆరు మనిషివి, ఒకటి నకిలీది. చాలా ఆటలు చెడేది ఇక్కడే. నకిలీ వచ్చినవాళ్లు కార్డును తెలియకుండానే కాస్త ఎక్కువసేపు చూస్తారు, పక్కవాళ్లు అది పసిగడతారు. అందుకే ఒకరు అయిదు లెక్కపెట్టాలి, ఆ లెక్క పూర్తయ్యేదాకా అందరూ కార్డు వైపే చూడాలి. ఆ తర్వాత మళ్లీ చూడాలనిపిస్తే అందరూ కలిసే చూడాలి.

ప్రతి మిషన్‌కీ కెప్టెన్ మారతాడు. ఎంతమంది వెళ్లాలో, ఏమేం కావాలో మిషన్ కార్డు చెబుతుంది, బృందాన్ని కెప్టెన్ ఎంచుకుంటాడు. వెళ్లినవాళ్లు తమ సామగ్రి కార్డులను బోర్లా ఇస్తారు. కెప్టెన్ వాటిని బాగా కలిపిన తర్వాతే తిప్పాలి. అందుకున్న వరుసలోనే తిప్పితే ఏ కార్డు ఎవరిదో బయటపడిపోతుంది. కార్డుల అంచులు నలిగినా అదే చిక్కు, కాబట్టి అన్నిటికీ ఒకే రకం ప్లాస్టిక్ కవర్లు తొడగండి.

ఇక అసలు పని, లెక్క కట్టడం. మొదటి మిషన్‌కి ఒకటి, రెండు, మూడు నంబర్ల ఆటగాళ్లు వెళ్లారు, మిషన్‌ని చెడగొట్టే విధ్వంసం కార్డు ఒకటి బయటపడింది. రెండోదానికి మూడు, నాలుగు, అయిదు వెళ్లారు, మళ్లీ ఒకటి పడింది. రెండింట్లోనూ ఉన్నది మూడో ఆటగాడే కాబట్టి వేళ్లన్నీ అతనివైపే లేస్తాయి. తొందరపడొద్దు. విధ్వంసం కార్డులు మనుషుల చేతికీ వస్తాయి, వేరే గతిలేక వేసి ఉండొచ్చు. అతన్ని పక్కనపెట్టి మిగతా నలుగురిలో ముగ్గురిని పంపి చూడండి. ఈసారి ఏమీ చెడకపోతే అనుమానం బలపడుతుంది, అయినా రుజువు కాదు: నకిలీ కావాలనే మంచి కార్డు వేసి ఊరుకోవచ్చు. నిజానికి తెలివైన నకిలీ మొదటి రెండు మిషన్లలో బుద్ధిమంతుడిలా ఉంటాడు.

ఈ లెక్కలన్నీ తలకిందులయ్యేది రక్తపు కార్డులు మళ్లీ పంచినప్పుడు. అప్పటిదాకా మనిషిగా ఉన్నవాడికి నకిలీ కార్డు రావచ్చు, ఆ క్షణం నుంచి అతను అవతలి పక్షమే. ఇందాక నమ్మకంగా ఆడాడన్నది ఇక పనికిరాదు. చీటీ మీద రాసుకునే అలవాటుంటే ఇక్కడ అడ్డంగా ఒక గీత గీసి, కింద కొత్త లెక్క మొదలుపెట్టండి.

చివర స్థావరం నుంచి తప్పించుకోవడానికి హెలికాప్టర్ ఎక్కేవాళ్లను ఎంచేది అప్పటి కెప్టెనే. ఎక్కినవాళ్లలో ఒక్క నకిలీ ఉన్నా మనుషులు ఓడినట్టే. అందుకే ఆట ముగింపుకి వస్తుందనగానే, కెప్టెన్ పదవి ఎవరి చేతికి వెళ్తుందో రెండు మూడు మిషన్ల ముందే చూసుకోండి.