బెంగళూరులో ఆస్తి పన్ను స్వీయ మదింపు: ఏ ఫారం నింపాలి, ఏమేమి సరిచూసుకోవాలి

మన ఊళ్లలో మున్సిపాలిటీ నుంచి డిమాండ్ నోటీసు వచ్చాక ఇంటి పన్ను కట్టే అలవాటు ఉన్నవారు బెంగళూరులో ఇల్లు కొన్నప్పుడు ముందుగా గ్రహించవలసిన తేడా ఒకటుంది. 2008 నుంచి ఇక్కడ యూనిట్ ఏరియా విలువ పద్ధతి, అంటే చదరపు అడుగుకు వీధిని బట్టి నిర్ణయించిన రేటుతో పన్ను లెక్కగట్టే విధానం, అమలులో ఉన్నందువల్ల ఆస్తి వివరాలను ఏటా యజమానే ప్రకటించి, తదనుగుణంగా పన్ను చెల్లించాలి. 2025 సెప్టెంబరులో నగర పాలన చూసే బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) స్థానంలో ఐదు నగర పాలక సంస్థలు ఏర్పడిన తరువాత కూడా ఈ బాధ్యత యజమానిదే.

స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ ప్రకటించే మార్గదర్శక విలువల (రిజిస్ట్రేషన్‌కు ప్రాతిపదికగా తీసుకునే కనీస ఆస్తి ధరల) ఆధారంగా నగరంలోని వీధులను ఎ నుంచి ఎఫ్ వరకు ఆరు జోన్లుగా విభజించారు. 2008 నాటి పట్టికలో ఆర్‌సీసీ కప్పు ఉన్న సొంత నివాసానికి చదరపు అడుగుకు నెలకు ఎ జోన్‌లో రూ.2.50, ఎఫ్ జోన్‌లో రూ.1 ఉండేది, అదే ఇంటిని అద్దెకిస్తే రేటు రెట్టింపు. ఈ రేట్లను 2016లో పెంచారు. విస్తీర్ణాన్ని రేటుతో హెచ్చించి, పన్నెండు నెలలకు బదులు పది నెలలకే లెక్కగట్టి, భవనం వయసును బట్టి తరుగుదల తీసివేయగా మిగిలిన మొత్తంపై నివాసానికి 20 శాతం, నివాసేతర వినియోగానికి 25 శాతం పన్ను పడుతుంది. ఆ పన్నుపై 24 శాతం సెస్సు అదనం. అపార్ట్‌మెంటులో పార్కింగు స్థలం కూడా లెక్కలోకి వస్తుందన్న సంగతి చాలామంది దృష్టికి రాదు.

ఫారం నింపడానికి పాత రసీదుపై ఉండే పది అంకెల దరఖాస్తు సంఖ్య గానీ, పీఐడీ (ఆస్తి గుర్తింపు సంఖ్య) గానీ అవసరం. గత సంవత్సరం నుంచి ఏ మార్పూ లేకపోతే నాలుగో ఫారం సరిపోతుంది. పై అంతస్తు వేసినా, సొంత నివాసాన్ని అద్దెకిచ్చినా, కింది గదిని దుకాణంగా మార్చినా ఐదో ఫారమే నింపాలి. పన్ను మినహాయింపు ఉండి సేవా రుసుము మాత్రమే చెల్లించే ఆస్తులకు ఆరో ఫారం ఉంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది జోన్. మార్గదర్శక విలువలు మారినప్పుడు వీధి జోన్ కూడా మారవచ్చు. పాత జోన్ ప్రకారమే చెల్లిస్తూ వచ్చారన్న కారణంగా 2021లో 78 వేలకు పైగా యజమానులకు నోటీసులు వెళ్లాయి. కొన్నేళ్ల తేడా ఒక్కసారిగా మీద పడటం ఏ మధ్యతరగతి కుటుంబానికైనా భారమే. అందువల్ల నిరుటి ఫారాన్ని యథాతథంగా ఆమోదించకుండా, మీ వీధి ప్రస్తుతం ఏ జోన్‌లో ఉందో జోన్ల జాబితాలో చూసుకొని, ఆ తరువాతే వివరాలు సమర్పించండి. ప్రకటించిన విస్తీర్ణం విక్రయ పత్రంతో, ఖాతా పత్రంతో (పన్ను కోసం ఆస్తి యజమాని పేరిట పాలక సంస్థ రికార్డుల్లో ఉన్న నమోదుతో) సరిపోవాలి.

ఏప్రిల్‌లోనే మొత్తం చెల్లించినవారికి 5 శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు. కొన్ని సంవత్సరాల్లో ఈ గడువును పొడిగించారు కూడా. రికార్డుల్లో జోన్ గానీ, కొలతలు గానీ తప్పుగా ఉన్నాయని మీకు అనిపిస్తే, ఖాతా పత్రం, విక్రయ పత్రం, పాత రసీదుల నకళ్లు జతచేసి మీ పరిధిలోని సహాయ రెవెన్యూ అధికారికి లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసి, అందినట్లు ముద్ర వేయించుకున్న ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.