కూరగాయల విత్తనాలు ఇంట్లో మొలకెత్తించడం ఎలా?

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే మిద్దె తోట వాళ్లంతా విత్తనాల ప్యాకెట్లు కొంటారు. పది రోజులయ్యాక కుండీలో ఏమీ కనిపించకపోతే కొట్టువాడిని తిట్టుకుంటారు. విత్తనం పాతదైతే ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ చాలాసార్లు గింజ మంచిదే, మనం పోసిన నీళ్లకి అది మట్టిలో కుళ్లిపోయి ఉంటుంది.

తడి తగిలి ఉబ్బిన క్షణం నుంచి గింజ గట్టిగా ఊపిరి పీల్చడం మొదలుపెడుతుంది. అప్పుడు దానికి నీటితో పాటు గాలీ కావాలి. మట్టి బురదైతే గాలి ఆడదు, లోపలి మొలక చచ్చిపోతుంది. అందుకే కింద చెప్పిన ప్రతి పనిలోనూ తడి ఆరకుండా, అలాగని నీళ్లు నిలవకుండా చూసుకోవాలి.

ముందు ప్యాకెట్ చదవండి

పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ, మొలక శాతం దాని మీద ఉంటాయి. మన దేశంలో విత్తన ధ్రువీకరణకి కనీస మొలక శాతం టమాటా, వంగకి 70, బెండకి 65, మిరప, కాకర, సొరలకి 60. అంటే పది మిరప గింజల్లో ఆరు మొలిచినా విత్తనం బాగున్నట్టే లెక్క. కావలసిన మొక్కల కంటే ఎక్కువ గింజలు వేయమనేది ఇందుకే. గులాబీ రంగో నీలం రంగో పూసిన గింజలకి మందు పట్టించి ఉంటుంది. వాటిని పిల్లలకి అందనివ్వకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

తడిగుడ్డ పద్ధతి

టమాటా, వంగ, మిరప, కాకర, సొర, బీర గింజలకి ఇది చక్కగా పనికొస్తుంది. పాత విత్తనం బతికే ఉందో లేదో తేల్చుకోవడానికి కూడా ఇంతకంటే తేలిక దారి లేదు. పది గింజలు వేసి చూస్తే ఎన్ని మొలుస్తాయో తెలిసిపోతుంది, సీజన్ వృథా కాదు.

కాకర, సొర, బీర గింజల పెంకు మందం. వాటిని రాత్రి గోరువెచ్చని నీళ్లలో వేసి పొద్దున్నే తీసేయండి. అంతకంటే ఎక్కువసేపు నీళ్లలో ఉంచొద్దు. కాకర మరీ మొండిది కాబట్టి నానబెట్టే ముందు మొన వైపు పెంకు అంచుని నెయిల్ కట్టర్‌తో కొద్దిగా తుంచొచ్చు, లోపలి పప్పుకి మాత్రం తగలకూడదు. చిక్కుడు, బొబ్బర్లని నానబెట్టకుండా నేరుగా కుండీలో పెట్టడమే మేలు. ఒక్కసారిగా నీళ్లు తాగితే ఆ పప్పులు పగిలిపోతాయి.

ఇప్పుడు పాత కాటన్ గుడ్డని తడిపి, పిండితే ఇక చుక్క రాలనంత గట్టిగా పిండండి. గింజలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, గుడ్డ మడిచి, టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత వదులుగా వేయండి. 25 నుంచి 30 డిగ్రీల వేడి ఉండే చోటు చాలు. వంటింటి అలమరా సరిపోతుంది, నేరుగా ఎండ తగిలే కిటికీ వద్దు. రోజుకోసారి గుడ్డ విప్పి చూడండి, ఆ కాస్తసేపట్లో గాలి తగులుతుంది. పుల్లటి వాసన వస్తే గింజల్ని కడిగి గుడ్డ మార్చేయండి.

వరి రైతులు వడ్లని 24 గంటలు నానబెట్టి, నీళ్లు వార్చేసి, తడి గోనెసంచుల్లో మరో 24 గంటలు మండె కడతారు. గింజ ముక్కు పగిలి తెల్లగా కనిపించగానే నారుమడిలో చల్లుతారు. మనం డబ్బాలో చేసేదీ ఆ పనే.

టమాటాకి సుమారు వారం, వంగకి వారం పది రోజులు, మిరపకి పన్నెండు రోజుల దాకా పడుతుంది. చలికాలంలో ఇంకొంచెం ఆలస్యం. మిరప విషయంలో తొందరపడి గింజలు పారేయకండి.

మట్టిలోకి మార్చడం

తెల్లటి వేరు బియ్యపు గింజలో సగం పొడవు రాగానే మార్చేయాలి. ఇంకో రెండు రోజులు చూద్దామని వదిలేస్తే వేరు గుడ్డ పోగుల్లోకి చొచ్చుకుపోతుంది, లాగితే తెగుతుంది. అలా చిక్కుకుంటే ఆ గుడ్డ ముక్కతో సహా కత్తిరించి పాతేయండి. ఎత్తేటప్పుడు గింజని పెంకు దగ్గర పట్టుకోవాలి, వేరుని తాకొద్దు.

ప్రోట్రే (నారు పెంచే గుంటల ప్లాస్టిక్ పళ్లెం) లేకపోతే అడుగున చిల్లు పెట్టిన టీ కప్పులు చాలు. వాటిలో నింపే కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) ఉప్పు ఉండొచ్చు కాబట్టి నానబెట్టి రెండు మూడు సార్లు నీళ్లు వంపేసి వాడండి. రెండు పాళ్లు కోకోపీట్‌కి ఒక పాలు వర్మీకంపోస్ట్, చిటికెడు ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లని అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం) పొడి కలపండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే కాసేపు ఆరబెట్టండి. వేరు కిందికి ఉండేలా టమాటా, మిరప గింజల్ని అర సెంటీమీటరు లోతులో, కాకర, సొరని రెండు సెంటీమీటర్ల లోతులో పెట్టి మిశ్రమం కప్పండి. పైన న్యూస్‌పేపర్ వేయొచ్చు గానీ, మొదటి మొలక తల ఎత్తిన రోజే తీసేయాలి. వెలుతురు లేకపోతే నారు పాలిపోయి సన్నగా సాగుతుంది.

ఈ దశలో అసలు భయం నారుకుళ్లు తెగులు. సాయంత్రం నిటారుగా ఉన్న మొక్క తెల్లారేసరికి నేలకి వాలి ఉంటుంది. కాండం మట్టిని తాకే చోట నీరు పట్టినట్టు మెత్తబడి, గిల్లినట్టు సన్నబడుతుంది. పడిపోయిన మొక్క మళ్లీ లేవదు. దాన్ని తీసేసి, మిగతావాటికి నీళ్లు తగ్గించి, గాలి ఆడే చోట పెట్టండి. నీళ్లు పొద్దున పూటే, స్ప్రే బాటిల్‌తో ఇవ్వండి.

ఈ పద్ధతి పనికిరానివి

ముల్లంగి, క్యారెట్ నేరుగా విత్తాలి. మార్చి నాటితే దుంప వంకర పోతుంది. ధనియాలని నలిపి రెండు బద్దలు చేసి వేయాలి. తోటకూర విత్తనాన్ని ఇసుకలో కలిపి చల్లాలి. బొప్పాయి గింజ మీది జిగురు పొరని రుద్ది కడగకపోతే మొలక ఆలస్యమవుతుంది. కరివేపాకు గింజ దాచితే చచ్చిపోతుంది, పండు రాలగానే గుజ్జు తీసి నాటేయండి.

కుండీలో నాటడం

టమాటా నారు సుమారు 25 రోజులకి, వంగ 30, మిరప 35 నుంచి 40 రోజులకి సిద్ధమవుతుంది. నాటే ముందు నాలుగైదు రోజులు నీళ్లు కాస్త తగ్గించి, పొద్దుటి ఎండకి అలవాటు చేయండి. కాకర, సొర మాత్రం అన్నాళ్లు ఆగవు, రెండు ఆకులు విప్పగానే వేరు మట్టి కదలకుండా మార్చేయాలి. ఏదైనా సాయంత్రం పూట నాటి నీళ్లు పోయండి.

మిగిలిన విత్తనాలని గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. మళ్లీ వాడేటప్పుడు డబ్బా చల్లదనం పూర్తిగా పోయాకే మూత తీయండి, లేకపోతే గింజల మీద చెమ్మ పడుతుంది.