సోలార్ ట్యాంకు వేడిగానే ఉంది, నల్లాలో మాత్రం గోరువెచ్చని నీళ్లు

హైదరాబాద్‌లో మా డాబా మీద 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ ఉంది, గాజు గొట్టాల రకం. ఎండ బాగా కాసినా బాత్‌రూంలో గోరువెచ్చని నీళ్లే. గొట్టాలు పోయాయి, మార్చాలన్నాడు మెకానిక్. నాకు నమ్మకం కుదరలేదు. ప్రెషర్ పంపు ఆన్ అయినప్పుడల్లా సోలార్ ట్యాంకు మీది ఎయిర్ వెంట్ పైపు (గాలి గొట్టం) నుంచి నీళ్లు కారుతున్నాయి మరి!

సోలార్ ట్యాంకుకు చన్నీళ్లు వెళ్లే వాల్వు కట్టేసి, వేడినీళ్ల నల్లా తిప్పాను. వేడినీళ్లు ట్యాంకు పైభాగం నుంచి వస్తాయి. కింద నుంచి చన్నీళ్లు తోయకపోతే కాసేపట్లో ధార ఆగిపోవాలి. ఆగలేదు. అంటే చన్నీళ్లు ఎక్కడో వేడి లైన్లోకి దూరుతున్నాయి. మా పంపు చన్నీళ్ల లైనుకే ఉంది, సోలార్‌ది ఎత్తు నుంచి వచ్చే ఒత్తిడే. అందుకే పంపు ఆన్ అయితే చన్నీళ్లు వేడి లైన్లోంచి ట్యాంకులోకి ఎక్కి, వెంట్ నుంచి కారుతున్నాయి.

ఒక్కో మిక్సర్ (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి ఇచ్చే నల్లా) కింద చన్నీళ్ల యాంగిల్ కాక్ కట్టేస్తూ పోతే, ఎవరూ పెద్దగా వాడని గెస్ట్ బాత్‌రూం దగ్గర ధార ఆగింది. మిక్సర్ లోపల రెండు నీళ్లనూ అదుపు చేసే భాగం, అంటే కార్ట్రిడ్జ్, అరిగిపోయింది. అది మార్పించి, వేడి లైనుకు నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లను వెనక్కి పోనివ్వనిది) పెట్టించాను. స్ప్రింగ్ రకం వద్దన్నాను, తక్కువ ఒత్తిడికి ధార సన్నబడుతుంది. తలుపులా తెరుచుకునే రకం తీసుకున్నాం.

వెంట్ పైపుకు బిరడా వేసేయమని పక్కింటాయన సలహా ఇచ్చారు. ఆ పని మాత్రం చేయకండి. ఆవిరి పోయే దారి అదే, మూస్తే ట్యాంకుకే ముప్పు.