రియోహా రెడ్ వైన్ కొనేటప్పుడు సీసా వెనక్కి తిప్పి చూడండి

స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు రెడ్ వైన్‌లలో ప్రధానమైన ద్రాక్ష టెంప్రానియో. ఒకే ద్రాక్షైనా రుచి తేడాగా ఉండటానికి ఒక పెద్ద కారణం ఓక్ చెక్క పీపాలో, సీసాలో ఉంచిన కాలం. అది వెనక వైపు అంటించిన చిన్న అధికారిక లేబుల్ రంగులోనే తెలిసిపోతుంది. ఆకుపచ్చ అయితే ఇంతకాలం నిల్వ ఉంచాలన్న నియమం లేదు. ఎక్కువగా లేత, పండ్ల రుచి వైన్‌లే. ఎరుపు అయితే క్రియాంజా అనే రకం: కనీసం రెండేళ్లు, అందులో ఏడాది పీపాలో. ముదురు ఎరుపు రెసెర్వా: మూడేళ్లు, పీపాలో కనీసం ఏడాది, సీసాలో ఆరు నెలలు. నీలం గ్రాన్ రెసెర్వా: ఐదేళ్లు, పీపాలో రెండు, సీసాలో రెండు తప్పనిసరి. వెనీలా, కొబ్బరి వాసన తగిలితే అది అమెరికన్ ఓక్ చలవ.

మొదటిసారైతే క్రియాంజా చాలు. గ్రాన్ రెసెర్వాలో తాజా పండు రుచి తగ్గి తోలు, పొగాకు వాసనలు పైకి వస్తాయి. అలవాటు లేనివాళ్లకు డబ్బు దండగ అనిపించవచ్చు.

స్పెయిన్‌లోనే మరో వైన్ ప్రాంతమైన రిబెరా దెల్ దువేరోలో ఇదే ద్రాక్షను తింతో ఫినో అంటారు. వైన్ కాస్త చిక్కగా, బిగువుగా ఉంటుంది.

రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న మాట మన ఎండలకు పనికిరాదు. 30 డిగ్రీల్లో ఆల్కహాల్ ఘాటే ముక్కుకు తగులుతుంది. ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి, 16-18 డిగ్రీల దగ్గర పోయండి. పాత సీసాను ముందురోజే నిలబెడితే మడ్డి అడుక్కి దిగుతుంది. వేటమాంసం వేపుడు బాగా నప్పుతుంది, కారం తగ్గిస్తేనే. గుంటూరు కారం పడితే వగరు, మంట రెండూ పెరుగుతాయి.