కష్టాల బాల్యం కథలు పిల్లాడి పక్కన కూర్చుని చదవడం ఎలా

కష్టాల్లో పెరిగినవాళ్ళు రాసుకున్న ఆత్మకథలు, అందులోనూ పిల్లల గొంతుతోనే చెప్పినవి, చాలామంది సగంలో ఆపేస్తారు. మా వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఆదివారం సాయంత్రాలు కొంతమందిమి కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం, అక్కడ ఎక్కువగా వినపడే మాట "బాబోయ్, ఏడుపొచ్చేస్తంది, నా వల్ల కాదండీ" అని. ఇంకొందరు ఆపరు గానీ పేజీ పేజీకీ కథలోని తండ్రిని తిట్టుకుంటూ చదువుతారు. రెండు చోట్లా జరిగేది ఒకటే, పిల్లాడు చూపిస్తున్నది చూడ్డం మానేసి మన బాధని మనం చూసుకుంటూ కూర్చుంటాం. అలా కాకుండా ఎలా చదవొచ్చో నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను.

ముందు పిల్లాడు దేన్ని చూస్తున్నాడో చూడండి, మిగతాదంతా తర్వాత. రష్యన్ రచయిత గోర్కీ "నా బాల్యం" తీసుకోండి, 1913-14లో వచ్చిన పుస్తకం. మొదటి పేజీలోనే తండ్రి శవం నేల మీద ఉంటుంది. పిల్లాడికి చావంటే ఏంటో సరిగ్గా తెలీదు, వాడి చూపు తండ్రి కాలివేళ్ళ మీద పడుతుంది, అవి ఎందుకో ఎడంగా విచ్చుకుని ఉన్నాయి. తల్లి మోకాళ్ళ మీద కూర్చుని భర్త జుట్టు దువ్వుతోంది, ఆ దువ్వెనతోనే వాడు పుచ్చకాయ తొక్కల్ని రంపంలా కోసి ఆడుకునేవాడు. తర్వాత శ్మశానం, వర్షం, గోతిలో నీళ్ళు, ఆ నీళ్ళలో కప్పలు, రెండు కప్పలు శవపేటిక మూత మీదకి ఎక్కేశాయి. పైనుంచి మట్టి పోసేస్తున్నారు. పిల్లాడి బెంగంతా కప్పల మీదే, అవి బయటికి వస్తాయా అని అమ్మమ్మని అడుగుతాడు, ఇంక రావు అంటుందావిడ. ఇక్కడ నాన్న పోయాడన్న ఏడుపు పెద్దగా కనపడదు, అదంతా ఆ కప్పల్లోకి వెళ్ళిపోయింది, కానీ "అయ్యో పాపం" అనుకుంటూ గబగబా పేజీ తిప్పేస్తే కప్పలు మీకు కనపడవు.

అందుకని నేను చెప్పేదేంటంటే, ఏదైనా పెద్ద సంఘటన వచ్చినప్పుడు, చావు గానీ దెబ్బలు గానీ ఇల్లు ఖాళీ చేయించడం గానీ, అక్కడ ఆగి ఆ సీన్లో ఉన్న వస్తువుల్ని ఫోన్లో ఒక లైన్లో నోట్ చేసుకోండి, దువ్వెన, కప్పలు, అంతే. సొంత కాపీ అయితే పెన్సిల్‌తో గీత గీసుకోవచ్చు గానీ లైబ్రరీ పుస్తకం మీద మాత్రం వద్దు, మీ తర్వాత చదివేవాళ్ళకి వాళ్ళ కప్పలు వాళ్ళు వెతుక్కునే ఛాన్స్ ఉండాలి కదా. పుస్తకం అయిపోయాక ఆ లిస్టు ఒక్కసారి చదువుకోండి, కథ మొత్తం వేరేగా కనపడుతుంది.

తర్వాత, పిల్లల లాజిక్ తప్పుగా ఉంటుంది, దాన్ని సరిదిద్దడానికి తొందరపడకండి. అమెరికా నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో 1969లో వేసిన మొదటి ఆత్మకథలో, ఎనిమిదేళ్ళ వయసులో తన మీద అత్యాచారం చేసినవాడి పేరు బయటికి చెప్తుంది, ఆ తర్వాత వాడు హత్యకి గురవుతాడు. నా మాట వల్లే ఒక మనిషి చచ్చిపోయాడు అని ఆ పాప నమ్మేసి దాదాపు ఐదేళ్ళు మాట్లాడ్డమే మానేస్తుంది. పెద్దవాళ్ళం కాబట్టి "నీ తప్పేం లేదమ్మా" అనాలని మనకి నోటిదాకా వస్తుంది. కాసేపు ఆగండి. ఆ పాప లెక్క ప్రకారం ఆ మౌనం పూర్తిగా కరెక్టు, ఇంకెవరికీ హాని జరక్కూడదని తను నోరు మూసుకుంది. ఆ లెక్కలోకి దిగితేనే ఆ ఐదేళ్ళు ఎంత బరువో మనకి ఆనుతుంది.

ఇక తల్లిదండ్రుల సంగతి, నా వరకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. ఫ్రాంక్ మెకోర్ట్ "ఏంజెలాస్ యాషెస్" 1996లో వచ్చింది, అప్పటికాయనకి 66 ఏళ్ళు, తర్వాతి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. ఐర్లండ్‌లోని లిమరిక్ ఊళ్ళో పేదరికం, తండ్రి జీతం డబ్బులన్నీ తాగేసి అర్ధరాత్రి ఇంటికొచ్చి పిల్లల్ని నిద్రలేపి ఐర్లండ్ కోసం చస్తామని ఒట్టు వేయించుకుంటాడు. ఇంట్లో తిండి లేదు, పసిపిల్లలు చనిపోతున్నారు. తిట్టడానికి ఇంతకంటే సులువైన మనిషి దొరకడు. కానీ అదే తండ్రి పొద్దున్నే పొయ్యి వెలిగించి టీ పెట్టి పేపర్ చదివి వినిపిస్తాడు, రాత్రి పడుకునే ముందు కథలు చెప్తాడు. మా నాన్నలో ముగ్గురున్నారు అనుకుంటాడు పిల్లాడు, పొద్దున పేపర్ నాన్న, రాత్రి కథల నాన్న, తాగొచ్చి అల్లరి చేసే నాన్న. ఆ ముగ్గురిలో ఒక్కణ్ణే పట్టుకుని మనం తీర్పు చెప్పేస్తే మిగతా ఇద్దర్నీ ఆ పిల్లాడి దగ్గర్నుంచి లాక్కున్నట్టే. తీర్పు చెప్పొద్దు అనట్లేదు, ఆఖరి పేజీ దాకా ఆపుకోమంటున్నాను. చెడ్డ పని చెడ్డదే, దాన్ని కప్పెట్టక్కర్లేదు, కానీ పిల్లాడికి ఆ మనిషి మీద ప్రేమ ఉంటే ఆ ప్రేమ కూడా పుస్తకంలో భాగమే.

ఇదంతా నిజమేనా అని మధ్యలో అనుమానం వస్తుంది, రావాలి కూడా. అరవై దాటాక రాసినాయనకి నాలుగేళ్ళప్పటి మాటలు పొల్లుపోకుండా ఎలా గుర్తుంటాయి? ఉండవు. మెకోర్ట్ పుస్తకం మీద లిమరిక్ వాళ్ళే కొందరు మా ఊరు అలా లేదు అని గొడవపడ్డారు. డైలాగులు మళ్ళీ కట్టుకున్నవి అని ముందే ఒప్పుకుని చదవండి, పోలీసు స్టేట్‌మెంట్‌లా చదవకండి. ఊరు, సంవత్సరం, పని, చట్టం లాంటివి మాత్రం చెక్ చేసుకోవచ్చు. ఇంకోటి, మెకోర్ట్ పుస్తకమంతా దాదాపు ఇప్పుడే జరుగుతున్నట్టు రాశాడు, వెనక్కి తిరిగి చూసి వివరణ ఇచ్చే పెద్దాయన చాలా తక్కువగా కనపడతాడు. మీరు చదివే పుస్తకంలో ఆ పెద్ద గొంతు ఎక్కడ దూరుతుందో గమనించండి, "అప్పుడు నాకు తెలీదు గానీ" అనే వాక్యం వచ్చిందంటే పిల్లాడు పక్కకి జరిగి రచయిత ముందుకొచ్చాడని అర్థం, అది తప్పేం కాదు, ఎవరు మాట్లాడుతున్నారో మనకి తెలిస్తే చాలు.

తెలుగులో మొదలుపెడదాం అనుకుంటే నామిని "పచ్చనాకు సాక్షిగా", ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు" పట్టుకోండి, మొదటిది ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె, రెండోది నెల్లూరు జిల్లా కావలిలో ఒక ముస్లిం ఇంటి కుర్రాడి లోకం. కతలు అంటారు గానీ రచయితల సొంత చిన్నతనమే వాటి నిండా. మన వైజాగ్ వాళ్ళకి, ముఖ్యంగా నామిని రాసే యాస, మొదటి నాలుగు పేజీలు తడబాటుగా ఉంటుంది. అర్థం కాలేదని ఆపకండి, కళ్ళతో కాకుండా పైకి చదవండి, ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదివితే ఇంకా మంచిది, చెవికి ఎక్కిందంటే మాట దానంతటదే దారి చూపిస్తుంది. అలాగే వీటిలో నవ్వొస్తే ధారాళంగా నవ్వండి. ఆకలి మధ్యలో పిల్లలు నవ్వుతారు, దాన్ని చదివి మనం మొహం ముడుచుకుని కూర్చుంటే ఆ పిల్లల్ని సగమే చూసినట్టు.

ఒక జాగ్రత్త. మీ చిన్నతనం కూడా అలాంటిదే అయితే రాత్రి పడుకునే ముందు చదవకండి, పగలు చదవండి, కావాలంటే బీచ్ రోడ్డు మీద నలుగురు తిరిగే చోట కూర్చుని చదవండి. ఏదైనా చాప్టర్ మరీ లోపలికి దిగిపోతే దాటేసి ముందుకెళ్ళండి, ఎవరూ పరీక్ష పెట్టరు. అయినా మనసు కుదుటపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడొచ్చు. చదువుతుంటే మీకు తెలిసిన పిల్లలెవరో ఇప్పుడే అలాంటి స్థితిలో ఉన్నారని తడితే పుస్తకం పక్కన పెట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. గ్రూపుగా చదివేవాళ్ళు మాత్రం ఒక్క రూల్ పెట్టుకోండి, "మరి మీ ఇంట్లో ఎలా ఉండేది?" అని ఎవరూ ఎవరినీ అడగకూడదు. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు.

పుస్తకాలకి ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, కొనే ముందు అక్కడ ఓసారి చూడండి. గోర్కీ నచ్చితే తర్వాతి రెండు భాగాలు కూడా ఉన్నాయి, పిల్లాడు పెరిగి పనుల్లోకి వెళ్ళి పెద్దవాడవుతాడు, మెకోర్ట్ కూడా 1999లో రెండోది రాశాడు. వాటిని వెంటనే చదవండి, మొదటి పుస్తకం గుర్తుండగానే. ఏ వయసు దగ్గర గొంతు మారుతుందో, ఎక్కడ పిల్లాడు కప్పల్ని చూడ్డం మానేసి మనుషుల్ని లెక్కగట్టడం మొదలుపెడతాడో ఆ పేజీ నెంబర్ రాసుకోండి.