మనవలకు బేరింగుల బండి: ఇరుసు దగ్గర తొందరపడకండి

వేసవి సెలవులకు పిల్లలు ఊరికి రాగానే మా కోనసీమలో ఏదో ఒక అరుగు ముందు ఒక తాతగారు బేరింగుల బండి, అంటే బేరింగులే చక్రాలుగా పిల్లలు పలక మీద కూర్చుని నడిపే ఆటబండి, కడుతూ కనిపిస్తారు. సాయంత్రానికి పిల్లలు ఎక్కుతారు. మర్నాటికి ఒక చక్రం ఊడి, బండి గోడకు ఆనించి ఉంటుంది. ఇది చూసి చూసి విసుగొచ్చింది. నలుగురు మనవలకు తొమ్మిది బండ్లు కట్టినవాడిగా చెబుతున్నాను: తప్పు పలకలో ఉండదు, మేకుల్లో ఉండదు, ఇరుసు కొనలో ఉంటుంది.

సామాను సంగతి చప్పున చెప్పేస్తాను. పలకకు పాత తలుపు చెక్క ఒకటి, రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు. ఇరుసులకు ఒకటిన్నర అంగుళం చదరంగా కోసిన ఎండు తుమ్మ కర్రలు రెండు. అరచేయంత పొడవున్న 12 మిల్లీమీటర్ల బోల్టు, రెండు నట్లు, వాషర్లు. మోటార్లు బాగుచేసే షెడ్డులో తీసి పక్కన పడేసిన బేరింగులు నాలుగు. వాటి అంచు మీద చెక్కిన అంకె 6305 అని ఉండాలి. అంటే లోపలి రంధ్రం 25, బయటి కొలత 62, మందం 17 మిల్లీమీటర్లు. అంతకంటే చిన్నవైతే ఇరుసు అడుగు రోడ్డుకు రాసుకుంటుంది. నాలుగూ ఒకటే అంకెవి కావాలి. కిరసనాయిలులో కడిగి, గ్రీజు పెట్టి, వేలితో తిప్పి చూడండి. గుండ్లు పట్టేసినట్టుంటే తిరిగి ఇచ్చేయండి.

కొబ్బరి మొద్దుతో ఇరుసు చేయకండి. 1996 నవంబరు తుపానుకు మా తోటలో కూలిన చెట్లతో వాసాలు వేశాం, బల్లలు చేశాం, అన్నీ నిలిచాయి. ఇరుసు మాత్రం ఒక్కటీ నిలవలేదు. కొబ్బరిలో పై అంచే గట్టి, లోపలంతా మెత్తని పీచు. సన్నగా చెక్కేసరికి పోగులుగా విడిపోతుంది. ఎడ్లబండి చక్రాలకు మన పెద్దలు తుమ్మ వాడింది ఊరికే కాదు.

ఇక అసలు పని. ఇరుసులు ఒక్కొక్కటి ఇరవై అంగుళాలు రావాలి గానీ, ముందే జానెడు ఎక్కువ ఉంచి కోయండి. కొన చెడితే నరికేసి మళ్లీ మొదలుపెట్టడానికి చోటుండాలి. కొన ముఖం మీద మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే నడిమి దొరుకుతుంది. అక్కడి నుంచి 25 మిల్లీమీటర్ల వలయం గీసి, నాలుగు సెంటీమీటర్ల లోతు వరకు ఉలితో చెక్కాలి. ఒకేసారి గుండ్రంగా చేయబోతే ఒక పక్క తగ్గిపోతుంది. నాలుగు పలకల కొనను ఎనిమిది పలకలు చేయండి, ఎనిమిదిని పదహారు చేయండి, ఆ తరువాతే ఆకురాయి పట్టండి.

బేరింగు లోపలి రంధ్రానికి బొగ్గు మసి పూసి కొన మీద పెట్టి కొంచెం తిప్పి తీయండి. మసి ఎక్కడ అంటిందో అక్కడే కర్ర ఇంకా లావుగా ఉన్నట్టు. అక్కడ మాత్రమే రెండు రాపిళ్లు. మళ్లీ మసి, మళ్లీ రాపిడి. ఒక కొనకు నాకు ఇరవై సార్లయినా పడుతుంది. చేత్తో నెడితే బేరింగు సగం దాకా వెళ్లి ఆగాలి, మిగతా సగం దెబ్బతో వెళ్లాలి. చేత్తోనే పూర్తిగా వెళ్లిపోయిందంటే ఆ కొన పనికిరాదు. సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించేవాళ్లున్నారు, గుడ్డపేలిక కుక్కేవాళ్లున్నారు. ఆ చక్రం వంకరగా తిరిగి రెండు రోజుల్లో ఊడుతుంది. మా పెద్ద మనవడి మోకాలు చీరుకుపోయింది అలాంటి చక్రం వల్లే. అది నేను కట్టిన మొదటి బండి.

దిగగొట్టేటప్పుడు బయటి కడియం మీద దెబ్బ పడకూడదు. పడితే ఆ బలమంతా గుండ్ల మీదుగా పోయి లోపల గాడి సొట్టపడుతుంది. అంగుళం ఇనుప పైపు ముక్క తీసుకుంటే కర్ర కొన దాని లోపలికి పోతుంది, పైపు అంచు సరిగ్గా లోపలి కడియం మీద కూర్చుంటుంది. దాని మీద కొడతితో నిదానంగా కొట్టండి. చదరపు కర్ర మొదలవుతున్న చోట మూలలు చెక్కేసి ఒక వాషరు వేయాలి. లేకపోతే కర్ర బయటి కడియాన్ని ఒరుసుకుని చక్రం బిగుసుకుంటుంది. బయట మిగిలిన కొనకు బరమాతో రంధ్రం చేసి, మేకు దూర్చి వంచండి. ఎడ్లబండికి చక్రం ఊడకుండా పట్టే కడసీల ఎలాగో దీనికి ఇది అలాగ.

ఈ పని ఏప్రిల్, మే నెలల్లోనే చేయాలి. డెల్టా వానల్లో కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన కర్రకు సరిపడా చెక్కితే ఎండలు రాగానే కుదించుకుపోయి బేరింగు వదులవుతుంది. ఎండల్లో చెక్కినది వానలకు ఇంకా బిగుస్తుంది.

మిగతాది గంట పని. వెనుక ఇరుసును పలకకు నాలుగు మరమేకులతో బిగించండి. ముందు ఇరుసును నడుమ ఒక్క బోల్టుతో, మధ్యలో వాషర్లు వేసి, రెండు నట్లతో బిగించండి. ఇరుసు మరీ అడ్డం తిరిగితే బండి బోర్లా పడుతుంది కాబట్టి రెండు పక్కలా చిన్న చెక్కదిమ్మలు కొట్టండి. తిప్పడానికి కొబ్బరి పీచు తాడే కట్టాలి, నైలాన్ తాడు వద్దు. పిల్లలు పట్టుకునే చోట పాత పంచె గుడ్డ చుట్టండి. మూడు చక్రాల బండి తేలిక అంటారు, మలుపులో పడేది కూడా అదే. నాలుగే ఉండాలి.

సిమెంటు రోడ్డు మీద, గుడి ముందు చప్టా మీద నడపనివ్వండి. కాలువ గట్టు మీదికి, వంతెన ఏటవాలు మీదికి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒకసారికి ఒక్కరే ఎక్కాలి, పక్కన పెద్దవాళ్లు నడవాలి. ఎక్కించే ముందు ప్రతిసారీ వంగి నాలుగు కడసీలలనూ చేత్తో లాగి చూడండి. మా చిన్న మనవరాలు ఇప్పుడు తనే ముందు లాగి చూసి, "నాలుగూ గట్టిగా ఉన్నాయి తాతయ్యా" అన్నాకే కూర్చుంటుంది.