హెస్సే సైన్యాధికారి జాడ తీయాలంటే

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడిన జర్మన్ అధికారుల్లో ఒకరి జీవితం తెలుసుకోవాలంటే, ఆయన ఏ ప్రభువు కొలువులో ఉన్నాడో ముందు తేల్చుకోండి. వచ్చిన సుమారు 30,000 మందిలో సగానికి పైగా హెస్సే-కాసెల్ వారు. మిగిలినవారు బ్రన్స్‌విక్, హెస్సే-హనావు, వాల్డెక్ వంటి సంస్థానాల వారు. ఏ ప్రభువుకు ఆ ప్రభువు బ్రిటన్‌తో ఒప్పందం రాసుకుని పటాలాలను అద్దెకిచ్చాడు, అందుకే కాగితాలు కూడా ఒకేచోట లేవు. కాసెల్ వారివి జర్మనీలోని మార్బుర్గ్ పత్రాలయంలో, బ్రన్స్‌విక్ వారివి వోల్ఫెన్‌బ్యూటెల్ పత్రాలయంలో ఉన్నాయి. మార్బుర్గ్ హాజరు పట్టీల నుంచి తయారైన ‘హెట్రినా’ పేర్ల సూచికను ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్‌లో వెతకవచ్చు.

ఎక్కువమంది తడబడేది పటాలం పేరు దగ్గర. పటాలాన్ని దాని అధిపతి పేరుతో పిలిచేవారు, అధిపతి మారితే పేరూ మారేది. 1776 డిసెంబరు 26న అమెరికాలోని ట్రెంటన్ దగ్గర జరిగిన పోరులో ప్రాణాంతకంగా గాయపడిన కర్నల్ యోహాన్ రాల్ పటాలమే తర్వాత వోల్వార్త్, ఆపైన ట్ర్యూంబాఖ్, చివరికి దాంజెలెల్లి అయింది. ఈ మార్పులన్నీ ఒక కాగితం మీద రాసి నా బల్ల ఎదుట గోడకు అంటించుకున్నాను. మీరూ అలా చేయండి, లేకపోతే ఒక్క మనిషే నలుగురిలా కనిపిస్తాడు.

అసలు పత్రాలు చదవాలంటే కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపి నేర్చుకోక తప్పదు. అందులో ‘ఇ’ (e) అక్షరం అచ్చం ‘ఎన్’ (n)లా ఉంటుంది. ‘యు’ (u) నెత్తిన చిన్న కొక్కెం ఉంటుంది. ముందు తెలిసిన ఊళ్ల పేర్లతో చేయి తిప్పుకుంటే, తెలియని పేర్లు వాటంతట అవే విడివడతాయి.

ఇక డైరీలు. నా ఓటు కాసెల్ యేగర్ దళపు (గురి తప్పని తుపాకీదారుల తేలికపాటి దళం) కెప్టెన్ యోహాన్ ఏవాల్డ్‌కే. ద్వంద్వయుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్న ఈయన శత్రువును ఎంత శ్రద్ధగా చూశాడంటే, చొక్కాలు కూడా సరిగా లేని అమెరికన్ అధికారుల సంచుల్లో యుద్ధవిద్య పుస్తకాలు దొరికాయని గౌరవంగా రాసుకున్నాడు. డబ్బుకు అమ్ముడుపోయినవారని వీళ్లందరినీ ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు బాధగా ఉంటుంది. ఒప్పందం సొమ్ము వెళ్లింది ప్రభువు ఖజానాకు.

యుద్ధం ముగిసిన 1783తో వెతుకులాట ఆపకండి. ఏవాల్డ్ 1788లో డెన్మార్క్ కొలువులో చేరి జనరల్ అయ్యాడు, కాబట్టి ఆయన మిగతా కథకు డెన్మార్క్ పత్రాలు చూడాలి.